శివారు

సూర్యారావుపేట ఆసుపత్రి, సెల్లారు.
తలుపు మీద మూడు రెక్కల పసుపు గుర్తు.
నిన్న పొద్దుటి నుంచి టీ చుక్క ముట్టలేదు.
నలభై ఏళ్ళు నీళ్ళ పక్కన బతికిన నాలుక
ఇంత పొడిగా ఎప్పుడూ లేదు.

"నాంచారయ్య గారూ, చెయ్యి చాపండి" అంది మెహరున్నీసా.
సీసం గోడ వెనక నుంచి సిరంజి తెచ్చింది,
సిరంజికీ ఒక సీసం చొక్కా.
లోపల మందు పుట్టే కుండ ఒకటుందట,
దాన్ని వీళ్ళు ఆవు అంటారట,
రోజూ తెల్లారుతూనే పితుకుతారట.
ఆరు గంటలకి సగం ఇగిరిపోయే పాలు.
నవ్వొచ్చింది. నవ్వితే ఛాతీ మీద
ఆ పాత బరువు,
గండికి అడ్డం వేసిన తడి ఇసక బస్తా.

గుండె కండలో నెత్తురు ఎక్కడికి పారితే
మందు అక్కడికి పోతుంది,
పారినంత మేరా వెలుగు,
పారని చోట చీకటి.
అంతే చెప్పింది ఆ అమ్మాయి.
నాకింకేం చెప్పక్కర్లేదు,
బందరు కాలవ మీద లస్కరుని నేను.
తలుపులెత్తే చక్రం తిప్పి తిప్పి
అరచేతులు కాయ కాచినవాణ్ణి.
ఖానాల దగ్గర గుర్రపుడెక్క పేరుకుంటే
పంచె ఎగ్గట్టి నడుంలోతు దిగి లాగినవాణ్ణి.
నా లోపలి కాలవలో ఏం పేరుకుందో
ఎవడు దిగి చూస్తాడు?

ముందు ఊరికే పడుకోబెట్టి తీశారు.
చేతులు తల మీదికి, కదలకూడదు.
పెద్ద పళ్ళెం లాంటి కెమెరా
గట్టు మీద ముసలి రైతులా
నిదానంగా నా చుట్టూ తిరిగింది.
మధ్యలో వెన్న రాసిన ఇడ్లీ తినమన్నారు.
గుండె జబ్బోడికి ఆసుపత్రే వెన్న పెట్టడం
ఇదే చూడటం.

తర్వాత నడిపించారు
ఎటూ పోని రోడ్డు మీద.
మూడు నిమిషాలకోసారి అది ఎత్తు లేస్తుంది.
ఎనిమిదో నిమిషంలో బస్తా దిగింది ఛాతీ మీద.
"ఇంకొక్క నిమిషం, ఆగకండి" అంటూనే
మందెక్కించింది.
అప్పుడు తెలిసింది ఈ పరీక్ష తెలివి.
కోతల నెలల్లో ఏ కాలవైనా నిండుగానే కనబడుతుంది.
నాట్లప్పుడు,
ప్రతి మడీ నోరు తెరిచినప్పుడు చూడాలి,
బందరు అవతల ఉప్పుగాలి తగిలే చేల దాకా
నీళ్ళు పోతున్నాయో లేదో.

పోయినేడు ఈసీజీ బాగుందన్నారు.
ఈసీజీ అంటే లాకుల దగ్గర గేజీ రాయి.
గేజీ ఎప్పుడూ బాగానే ఉంటుంది.
అది చూసే నేనూ రిజిస్టర్లో రాసేవాణ్ణి:
"నీరు పూర్తిగా అందుచున్నది."
ఒక ఏడు శివారు నుంచి ఏడుకొండలు వచ్చాడు,
సైకిలు హ్యాండిలుకి ఎండిన నారుకట్ట కట్టుకుని.
కేకలెయ్యలేదు. తిట్టలేదు.
కట్ట తెచ్చి నా రిజిస్టరు మీద పెట్టి,
మంచినీళ్ళడిగి తాగి
వెళ్ళిపోయాడు.
మట్టి దులిపి పేజీ తిప్పి
మర్నాడూ అదే మాట రాశాను.

రెండోసారి తీశాక తెర చూపించారు.
గుండెని అడ్డంగా కోస్తే గారె.
నడుమ చిల్లు, చుట్టూ నారింజ రంగు.
పై వరస నడిచినప్పటివి:
ప్రతి గారెకీ కిందివైపు
ఎవరో కొరికినట్టు నల్లటి లొట్ట.
కింది వరస పడుకున్నప్పటివి:
అన్నీ నిండు గారెలే.

"ఎండిపోయిందా అమ్మా?"
మెహరున్నీసాకి అర్థం కాలేదు,
డాక్టరు గారు చెబుతారంది.
ఆయన కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు చూశాడు.
"చచ్చిన కండైతే రెండు వరసల్లోనూ చీకటే ఉండేది.
ఇది బతికే ఉంది. అలిసినప్పుడు అందట్లేదు, అంతే."

అంతే.

ఈ రాత్రికి పసివాళ్ళని ఎత్తుకోవద్దన్నారు.
సామ్రాజ్యం మనవణ్ణి చంకనేసుకుని గుమ్మంలో,
నేను వీధిలో ప్లాస్టిక్ కుర్చీలో,
ఒంట్లో సగానికి సగం ఆరిపోతున్న వెలుగుతో.
నలభై ఏళ్ళు కాలవ తలకే కాపలా కాశాను,
చివర ఎలా ఉంటుందో
ఒక్కసారీ పోయి చూళ్ళేదు.

సోమవారం యాంజియో అన్నారు.
ఆదివారం బందరు బస్సు ఎన్నింటికో
సామ్రాజ్యాన్ని అడగాలి.
వద్దంటుంది.